మూసిన గదిలో మృత్యువాయువు: పసిగట్టే పరికరం ఎలా పనిచేస్తుంది?

నేపాల్‌లోని దామన్ కొండ ప్రాంతానికి విహారయాత్రకు వెళ్ళిన ఎనిమిది మంది కేరళ పర్యాటకులు 2020 జనవరిలో ప్రాణాలు కోల్పోయారు. వారిలో నలుగురు చిన్నారులు. చలికి తాళలేక గదిలో గ్యాస్ హీటర్ వెలిగించి, తలుపులు, కిటికీలు మూసుకుని నిద్రపోయారు. ఉదయం అపస్మారక స్థితిలో ఉన్న వారిని హెలికాప్టర్‌లో ఖాట్మండుకు తరలించినా ఫలితం దక్కలేదు. మన దేశంలోనూ ఉత్తరాది రాష్ట్రాల్లో బొగ్గుల కుంపటి రాజేసుకుని పడుకున్న కుటుంబాలు తెల్లవారేసరికి విగతజీవులైన వార్తలు చలికాలంలో తరచూ వెలువడుతుంటాయి.

ఇటువంటి గదుల్లో పొంచి ఉండే ప్రధాన ప్రమాదం కార్బన్ మోనాక్సైడ్. బొగ్గు, కట్టెలు, కిరోసిన్, గ్యాస్ వంటి ఇంధనాలు చాలినంత ప్రాణవాయువు అందకుండా మండినప్పుడు ఇది పుడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఇది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటిపెట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత దీని తొలి లక్షణాలు. నిద్రలో ఉన్నవారికి ఆ హెచ్చరిక కూడా అందదు.

ఈ లోటును తీర్చేదే కార్బన్ మోనాక్సైడ్ అలారం. నేడు ఇళ్ళలో వాడే అలారాల్లో అత్యధికం చిన్న రసాయన ఘటంతో పనిచేస్తాయి. విషవాయువు అందులోని ఎలక్ట్రోడ్‌ను తాకి బొగ్గుపులుసు వాయువుగా మారుతుంది. ఆ చర్యలో స్వల్ప విద్యుత్తు జనిస్తుంది. వాయువు ఎంత పెరిగితే విద్యుత్తు అంత పెరుగుతుంది.

అయితే వాయువు సోకిన మరుక్షణమే ఇది మోగదు. అమెరికా ప్రమాణాల ప్రకారం పది లక్షల భాగాల గాలిలో 70 భాగాల వాయువు ఉంటే ఒక గంట నుంచి నాలుగు గంటల లోపు, 150 భాగాలుంటే 10 నుంచి 50 నిమిషాల లోపు, 400 భాగాలుంటే 4 నుంచి 15 నిమిషాల లోపు మోగాలి. విషం రక్తంలో క్రమంగా పేరుకుంటుంది గనుక మోతాదుతో పాటు కాలాన్నీ లెక్కిస్తారు. కాబట్టి అలారం మోగనంత మాత్రాన గదిలో విషవాయువు బొత్తిగా లేదని అర్థం కాదు. గర్భిణులు, పసిపిల్లలు, హృద్రోగులు తక్కువ మోతాదుకే ప్రమాదంలో పడవచ్చు.

వంటగ్యాస్ లీకును తెలిపే పరికరం గానీ, పొగను పసిగట్టే పరికరం గానీ దీనికి బదులు కావు. మీట నొక్కి పరీక్షించినప్పుడు సాధారణంగా తెలిసేది బ్యాటరీ, సర్క్యూట్, శబ్దం సంగతే. ఘటం ఆయుష్షు అయిదు నుంచి పదేళ్ళు. ఆపై పరికరాన్ని మార్చవలసిందే. అలారం మోగితే కారణం వెతుకుతూ లోపల ఉండరాదు. అందరూ వెంటనే ఆరుబయటకు చేరాలి.

ఇంగ్లండ్‌లో ఘన ఇంధనం మండించే పరికరాలున్న అద్దె ఇళ్ళలో ఈ అలారం అమర్చే బాధ్యతను 2015లో యజమానులపై ఉంచారు. 2022లో ఆ నిబంధనను గ్యాస్ బాయిలర్లు ఉన్న గదులకూ విస్తరించారు. ఇందులో గ్రహించవలసిన సూత్రం ఒకటుంది. నిద్రించే వ్యక్తి ఈ వాయువును గుర్తించలేడు. గదిలో ఏ హీటర్ ఉండాలో అతిథి నిర్ణయించలేడు. అందువల్ల జాగ్రత్త వహించవలసిన బాధ్యత గదిని, హీటర్‌ను సమకూర్చినవారిదే. కొండ ప్రాంతాల్లో పర్యాటకం ఏటేటా విస్తరిస్తున్న దక్షిణాసియా దేశాలకు ఈ సూత్రం మరింతగా వర్తిస్తుంది. గాలి వెలుపలికి పోయే మార్గం ముందు, అలారం తర్వాత. రెండూ లేని గదిలో హీటర్ పెట్టడం అతిథి ప్రాణాలతో చెలగాటమే.