రెండొందల డాలర్ల ధైర్యం

"ఒరేయ్, నువ్వు మెకానికల్ కదా. రెండొందల డాలర్లలో మంచి పిస్టల్ ఏదో కాస్త చూసి చెప్పరా."

పోయిన సంక్రాంతి సెలవుల్లో టెక్సాస్ నుంచి మా పెద్దమ్మ కొడుకు పెట్టిన వాయిస్ మెసేజ్ ఇది. అన్నయ్యది అక్కడ ఎమ్మెస్ రెండో సెమిస్టర్. రాత్రిళ్ళు ఓ గ్యాస్ స్టేషన్ కౌంటర్‌లో నిలబడతాడు. ఆ ముందు వారమే పక్క వీధి స్టోర్‌లో ఎవరో తుపాకీ చూపించి గల్లాపెట్టె ఖాళీ చేసుకుపోయారట. "నా దగ్గర కూడా ఒకటుంటే ధైర్యంగా ఉంటుంది. సెకండ్ హ్యాండ్ ఫోన్ కన్నా చీప్‌రా" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, ముందు నాకు సరదాగానే అనిపించింది. ల్యాప్‌టాప్ కొనేటప్పుడు చేసినట్టే ఎక్సెల్ షీట్ తెరిచి మోడల్, ధర, బరువు, వారంటీ అని కాలమ్స్ గీశాను. ఆ షీట్ నింపుతుంటే నాకు తెలిసొచ్చిన విషయాలే ఈ వ్యాసం. ఈ ఆగస్టులో మన కాలేజీ నుంచి కూడా చాలామంది ఫ్లైట్ ఎక్కబోతున్నారు, అందుకే రాస్తున్నాను.

ముందు మెషీన్ సంగతి. మన దేశంలో 2014లో కాన్పూర్ ఆయుధ కర్మాగారం 'నిర్భీక్' అనే రివాల్వర్‌ని మహిళల కోసమని తెచ్చినప్పుడు దాని ధర లక్షా ఇరవై రెండు వేలు. అది కూడా లైసెన్సు వస్తేనే. అమెరికాలో ఒహాయోలో తయారయ్యే హై-పాయింట్ సీ9 సుమారు రెండొందల డాలర్లకు దొరుకుతుంది. గ్లాక్ 19 కావాలంటే ఐదొందలు పైనే.

ఇంత తేడా ఎందుకు? గ్లాక్ లాంటి పిస్టళ్ళలో తూటా పేలిన క్షణాన బ్యారెల్, స్లైడ్ ఒకదానికొకటి లాక్ అయ్యుంటాయి. ప్రెషర్ తగ్గాక బ్యారెల్ వెనక భాగం కిందికి వాలి లాక్ విడిపోతుంది. దానికి కచ్చితమైన మెషీనింగ్ కావాలి. హై-పాయింట్‌లో ఆ లాకింగే లేదు. స్లైడ్ బరువూ, స్ప్రింగు బిగువూ కలిసి ప్రెషర్‌ని కాసేపు ఆపుతాయి, అంతే. దీన్నే బ్లోబ్యాక్ అంటారు. అందుకే స్లైడ్ జింక్ మిశ్రమంతో పోతపోసిన పెద్ద దిమ్మలా ఉంటుంది, పిస్టల్ మొత్తం ఎనిమిది వందల గ్రాములు దాటుతుంది. చూడ్డానికి మొరటుగా ఉన్నా డిజైన్‌గా తెలివైనదే. కంపెనీ జీవితకాల వారంటీ కూడా ఇస్తుంది. చవకైనంత మాత్రాన చెత్త అని తీసిపారేయలేం.

అయితే చవక రకాల్లో చూసుకోవాల్సింది ఇంకోటుంది. చేయి జారి కింద పడితే పేలకూడదు. టారస్ కంపెనీ పాత మోడళ్ళు తొమ్మిదింటి మీద సరిగ్గా ఈ ఆరోపణతోనే కేసు నడిచింది. 2015లో దాదాపు పది లక్షల పిస్టళ్ళకు సంబంధించి, తప్పు ఒప్పుకోకుండానే, కంపెనీ రాజీకి వచ్చింది. ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచిన సంగతేంటంటే, అమెరికాలో టోస్టర్ బాగోలేకపోతే వెనక్కి రప్పించగలిగే ప్రభుత్వ సంస్థ ఉంది కానీ దానికి తుపాకుల మీద అధికారం లేదు. 1972లో ఆ సంస్థని పెట్టిన చట్టమే వాటిని మినహాయించింది.

తర్వాత ఖర్చు కాలమ్. పిస్టల్ రెండొందలు. చేయి అలవాటు కావాలంటే కనీసం ఐదొందల తూటాలు కాల్చాలి. 9 ఎంఎం తూటా ఒక్కోటి పాతిక, ముప్ఫై సెంట్లనుకున్నా నూటయాభై. బేసిక్ క్లాసుకి వంద. రేంజ్‌కి ఐదుసార్లు వెళ్తే ఇంకో వంద. తాళం పెట్టె నలభై. చెవులకీ కళ్ళకీ రక్షణ ముప్ఫై ఐదు. ఇవన్నీ నా అంచనాలే, ఊరిని బట్టి మారతాయి. మొత్తం మాత్రం ఆరొందలు దాటింది. ఇవేవీ లేకుండా రెండొందలకు ఉత్త పిస్టలే కొంటే వచ్చేది రక్షణ కాదు, వాడటం రాని ఇనుప ముక్క.

ఇక్కడిదాకా షీట్ బాగానే ఉంది. 'ఎవరు కొనొచ్చు' అనే కాలమ్ చేర్చాక మొత్తం కూలిపోయింది.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే నేరం. కొన్నా, ఎవరైనా ఇచ్చినా, ఒక్క తూటా దగ్గరున్నా నేరమే. శిక్ష పదేళ్ళ వరకు ఉండేది, 2022 నుంచి పదిహేనేళ్ళ దాకా పెంచారు. షాపులో 4473 అనే ఫారం నింపాలి. అందులో వీసా సంగతి సూటిగా అడుగుతారు. అబద్ధం రాస్తే అది ఇంకో నేరం. "మా రూమ్మేట్ కజిన్ సిటిజన్, వాడి పేరు మీద కొనేద్దాం" అన్నాడు అన్నయ్య. అలా ఇంకొకరి తరఫున కొనిపెట్టడం కూడా విడిగా ఓ నేరం. దానికీ పదిహేనేళ్ళ దాకా ఉంది. అంటే సాయం చేసినవాడు కూడా మునుగుతాడు.

ఒక మినహాయింపు ఉంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు ఉంటే ఆ నిషేధం వర్తించదు. మనవాళ్ళు కొందరు చెప్పే 'ట్రిక్' ఇదే. కానీ ఆ లైసెన్సు గడువు అయిపోయిన మర్నాటి నుంచి అదే పిస్టల్ నేరం. పైగా జేబులోనో, కౌంటర్ కిందో పెట్టుకోవాలంటే రాష్ట్రాల చట్టాలు వేరే. తుపాకీ కేసులో శిక్ష పడితే చాలావరకు వెనక్కి పంపేస్తారు కూడా. పొలం తాకట్టు పెట్టి తెచ్చిన నలభై లక్షల చదువు ఒక మినహాయింపు క్లాజు మీద వేలాడదీస్తామా?

చట్టం పక్కన పెడదాం. గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ ఉన్న తెలుగు కుటుంబాలు బోలెడున్నాయి. ఇంట్లో ఆత్మరక్షణకి హ్యాండ్‌గన్ ఉంచుకునే హక్కుని అక్కడి సుప్రీంకోర్టు 2008లో గుర్తించింది. చట్టప్రకారం కొనుక్కుని, నేర్చుకుని, తాళం వేసి ఉంచుకునేవాళ్ళతో నాకు పేచీ లేదు. వాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే, బడ్జెట్ తక్కువైతే పిస్టల్‌ది తగ్గించుకోండి గానీ క్లాసుదీ, తాళం పెట్టెదీ తగ్గించకండి.

కానీ ఐదుగురు కుర్రాళ్ళు రెండు గదుల్లో పడుకునే ఇంట్లో దిండు కింద పిస్టల్ అంటే వేరే కథ. మ్యాగజీన్ తీసేస్తే ఖాళీ అయిపోయిందనుకుంటాం, ఛాంబర్‌లో మాత్రం ఒక తూటా ఉండిపోతుంది. తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి అమెరికాలో మన తెలుగు విద్యార్థి చనిపోయాడన్న వార్త 2024లో మనమంతా చదివాం. ఇంకో లెక్క దీనికన్నా బాధపెట్టింది. 2021లో అమెరికాలో తుపాకీ వల్ల పోయినవాళ్ళు 48,830 మంది. అందులో సగానికి పైగా ఆత్మహత్యలు. కాలిఫోర్నియాలో రెండు కోట్ల అరవై లక్షల మంది వివరాలు చూసి 2020లో ఒక అధ్యయనం వచ్చింది. హ్యాండ్‌గన్ ఉన్న మగవాళ్ళు తుపాకీతో ప్రాణం తీసుకునే ప్రమాదం, లేనివాళ్ళకన్నా దాదాపు ఎనిమిది రెట్లని తేలింది. అప్పు, ఒంటరితనం, ఉద్యోగం రాని భయం, ఈఎమ్ఐ గురించి ఇంటి నుంచి ఫోన్లు. ఎమ్మెస్ చేసేవాళ్ళ రాత్రులు ఎలా ఉంటాయో మనకి తెలియంది కాదు. ఆ రాత్రుల్లో చేతికందే దూరంలో ఆ వస్తువు ఉండకపోవడమే మేలు.

ఇదంతా చెప్పాక అన్నయ్య ఒకే మాటన్నాడు. "నీకేం రా, ఇంట్లో కూర్చుని చెప్తావ్. రాత్రి రెండింటికి తలుపు బెల్లు మోగితే తెలుస్తుంది."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. వాడి భయం అబద్ధం కాదు. కానీ తర్వాత ఆలోచిస్తే అసలు సమస్య అక్కడే దొరికింది. ఎఫ్-1 మీద అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేయడమే స్టేటస్‌కి ముప్పు. రేపు దోపిడీ జరిగితే పోలీసులకి ఫోన్ చేయాలన్నా భయపడాల్సిన చోట నిలబడి ఉన్నాడు వాడు. ఆ కౌంటర్‌కి పిస్టల్ తెస్తే చట్టం ముందు దొంగతో పాటు వీడూ నిందితుడే. గల్లాపెట్టెలో ఉన్నది ఓనర్ డబ్బు. చూపించమన్నది ఇచ్చేసి, చేతులు కనిపించేలా పెట్టి, ప్రాణంతో బయటపడటమే ఆ క్షణంలో తెలివైన పని. పిస్టల్ బయటికి తీసిన మరుక్షణం దొంగతనం కాస్తా కాల్పులైపోతుంది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. మనం 'చవకలో పిస్టల్' అని వెతుకుతున్నామంటే దానర్థం, మన బడ్జెట్ ఇక్కడే తప్పు వేసుకుని వెళ్ళామని. కన్సల్టెన్సీ వాళ్ళు "మొదటి నెల నుంచే పార్ట్‌టైమ్ దొరికేస్తుంది" అంటే నమ్మి, ఖర్చుల్లో సగం అక్కడి రాత్రి డ్యూటీల మీదకి తోసేస్తున్నాం. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని, అదీ దొరికితే. వెళ్ళేవాళ్ళు మొదటి సంవత్సరం ఏ పనీ దొరకదనుకుని లెక్క వేసుకోండి. ఆ లెక్క తేలకపోతే ఇంకో ఇన్‌టేక్ ఆగండి. ఆగితే పరువేం పోదు. అక్కడ ఇప్పటికే ఉన్న సీనియర్లకి ఒక విన్నపం. జూనియర్ వచ్చి "భయంగా ఉందన్నా" అంటే గన్ షాప్ లింకు పంపకండి. షిఫ్టు మార్పించండి, ఒక నెల అద్దె సర్దండి.

అన్నయ్య రెండు వారాలు నాతో మాట్లాడలేదు. తర్వాత క్యాంపస్ డైనింగ్‌లో గిన్నెలు కడిగే పని దొరికిందని మెసేజ్ పెట్టాడు. డబ్బులు తక్కువ. ఈఎమ్ఐకి నెలనెలా పెదనాన్న ఇంకొంచెం కలుపుతున్నారు. ఆ సంగతి వాడికి చెప్పొద్దన్నారు, నేనూ చెప్పలేదు. ఎక్సెల్ షీట్ మాత్రం డిలీట్ చేశాను.