పక్షులను లెక్కించుటయు విద్యయే

పక్షులను చూచుచు కాలము గడపుట పరీక్షలకు చదువవలసిన పిల్లలకు తగదని కొందఱు తల్లిదండ్రులు తలంచుచున్నారు. గత దసరా సెలవులలో పైతరగతుల విద్యార్థులను కోడిక్కరైకి తోడ్కొని పోయినప్పుడు ఈ యాక్షేపణ నా చెవిని బడినది. దానికి సమాధానము చెప్పుట నా విధి.

కోడిక్కరై తమిళనాట నాగపట్టణము జిల్లాలో, 1930వ సంవత్సరమున రాజాజీ ఉప్పు సత్యాగ్రహము నడపిన వేదారణ్యమునకు చేరువనున్నది. దక్షిణముగా సాగివచ్చిన కోరమండల తీరము అచ్చట పడమటికి మరలుచున్నది. ఆ భూశిరమునకు ఆంగ్లేయులు పాయింట్ కాలిమియర్ అని పేరిడిరి. 1967లో అది పక్షులకును మృగములకును అభయారణ్యమైనది. 2002లో రామ్‌సార్ ఒడంబడిక పట్టికలో చేరినది. శరత్కాలమున ఉత్తరదేశములనుండి వచ్చు పక్షులకు అచ్చటి బురదనేలలును ఉప్పునీటి మడుగులును ఆహారస్థానములు.

వానిలో కర్ల్యూ శాండ్‌పైపర్ అను ఉల్లంకిజాతి పక్షి యొకటి. దాని బరువు ఇంచుమించు 60 గ్రాములు. జన్మస్థానము సైబీరియా ఉత్తరపు కొన. పెద్దపక్షులు ముందుగా బయలుదేఱును. ఆ వేసవిలోనే పుట్టిన పిల్లలు కొన్ని వారముల పిమ్మట, తామెన్నడును చూడని త్రోవను, తల్లిదండ్రుల తోడు లేకయే పట్టి వచ్చును. యిర్మీయా ప్రవక్త వలసపక్షులను జూపి జనులనేల మందలించెనో ఈ సంగతి యెఱిగినవారికి చక్కగా బోధపడును.

ఐనను ఆశ్చర్యపడుట మాత్రమే విద్య గాదు. ఆ దినమున ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క మడుగును గంటసేపు చూచి లెక్క వ్రాయవలెనని నియమించితిని. సాయంకాలము ఒకడు “వేలకొలది పక్షులు” అని వ్రాసి తెచ్చెను. వేఱొకడు “సున్న” అని వ్రాసి తలవంచుకొని నిలిచెను. ఏలయని యడుగగా, “మాస్టరుగారూ, నా మడుగు ఎండిపోయినదండి” అనెను. మొదటివాడు త్రోవ చూపినవాడు చెప్పిన మాట వ్రాసెను. రెండవవాడు తాను చూచినది వ్రాసెను. నేను రెండవవానిని మెచ్చుకొంటిని.

1883లో స్థాపింపబడిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు అనేక సంవత్సరములు ఆ తీరమున పక్షుల కాళ్లకు అంకెలు గల కడియములు తొడిగి విడిచిరి. పూర్వముకంటె అచ్చట చిన్న నీటిపక్షులు మిక్కిలి తగ్గినవని పరిశీలకులు చెప్పుచున్నారు. తగ్గినవని తెలియుట యెట్లు? ఉన్నప్పుడు ఇన్నియని, లేనప్పుడు లేవని యేటేట వ్రాసియుంచినవారు ఉండుటచేతనే గదా! “వేలకొలది” అను మాట యొక్కటే వ్రాసియుండినచో నష్టము కనబడక పోయెడిది. అబద్ధసాక్ష్యమును గూర్చిన యాజ్ఞ న్యాయస్థానమునకే కాదు, నోటుపుస్తకమునకును వర్తించును.

కావున తల్లిదండ్రులకు నా మనవి: పాఠములను విడువుమని నేను చెప్పుట లేదు. సెప్టెంబరు మొదలు మార్చి వఱకు శనివారము ఉదయమున ఒక్క గంట మన యూరి చెరువుగట్టునకు పిల్లలను పంపుడు. విద్యార్థులారా! ఉండేలు ఇంట విడిచి, పెన్సిలు తీసికొని రండు. పక్షులు వచ్చిన దినమున ఎన్ని వచ్చెనో, రాని దినమున రాలేదనియు వ్రాయుడు.