హిస్టరీ చదివితే ఏమొస్తుంది?

"ఏం చదువుతున్నావు బాబూ?" అని బస్సులో పక్క సీటు పెద్దాయన అడుగుతాడు. "బి.ఏ. హిస్టరీ అండీ" అంటాం. "ఓహో, మేష్టరు ఉద్యోగమన్నమాట!" అంటాడాయన కొంచెం జాలిగా. ఆ జాలి కన్న బాధాకరమైనది, మనం తల వంచుకోవడం.

చరిత్ర చదివినవాడు చరిత్రపాఠమే చెప్పుకుని బతకాలన్న నియమం ఎక్కడుంది? మోటుపల్లిలో కాకతి గణపతిదేవుని 1244 నాటి అభయశాసనం ఉంది. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారనీ, తాను మాత్రం నిర్ణయించిన సుంకమే పుచ్చుకుంటాననీ రాజు అందులో వర్తకులకు మాట ఇచ్చాడు. పరీక్షలో ఇది రెండు మార్కుల ప్రశ్న. కాని, రాజుకు ఈ మాట ఇవ్వవలసిన అవసరం ఎందుకొచ్చింది? ఇందులో ఎవరికి లాభం? అమలు జరిగిందనడానికి వేరే సాక్ష్యముందా? ఇలా అడగడం మొదలుపెడితే అది విలేఖరి పని, వకీలు పని, ఫైలు మీద సంతకం పెట్టే అధికారి పని కూడా. చరిత్ర మనకిచ్చే అసలు విద్య తేదీలు కాదు, ఈ ప్రశ్నలు.

తెలంగాణలో కవులే లేరన్న మాట వచ్చినప్పుడు గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డిగారు తిట్లకు దిగలేదు. 354 మంది కవులను వెతికి పట్టుకుని 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేశారు. ఆయన చదివింది న్యాయశాస్త్రం, కూర్చున్నది పత్రికాఫీసులో, చేసింది చరిత్రకారుని పని!

అయితే మిత్రులారా, ఒట్టి డిగ్రీ కాగితం అన్నం పెట్టదు. మ్యూజియాల్లో, పురావస్తు శాఖలో ఖాళీలు బహు కొద్ది. గ్రూప్స్ పరీక్షల్లో చరిత్ర ఉన్నమాట నిజమే గాని రాసేవారు లక్షల్లో ఉన్నారు. డిగ్రీకి తోడు మరో పనితనం కావాలి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొగలాయిల కాలపు పార్సీ కాగితాలున్నాయి. భాష రానివాడికి అవి మూగవే. పార్సీ, ఉర్దూ, పాత తెలుగు లిపి, అనువాదం, కంప్యూటరు - ఏదో ఒకటి పట్టుదలగా నేర్వాలి.

మా లెక్చరర్లకొక మనవి. నోట్సు చెప్పి రాయించడం కాస్త తగ్గించి, ఏడాదికొక్కసారైనా మమ్మల్ని ఆర్కైవ్స్‌కో, ఏ ఊరి గుళ్లోనో ఉన్న శాసనం దగ్గరకో తీసుకెళ్లండి.

ఈసారి బస్సులో ఎవరైనా అడిగితే, "సాక్ష్యం తూచడం నేర్చుకుంటున్నానండీ" అని తలెత్తి చెబుదాం. అలా చెప్పాలంటే ముందు నిజంగా నేర్చుకోవాలి సుమా!