ఎవరు ముందు పలకరించాలి?

ఈ వయసులో సైకిలెక్కానంటే నవ్వుకోకండి. డిగ్రీ రోజుల్లో కాలేజీకి సైకిలు మీదే వెళ్ళేదాన్ని. పెళ్ళయ్యాక మళ్ళీ ముట్టుకోలేదు. మొన్నామధ్య డాక్టరుగారు ఒళ్ళు తగ్గించమన్నారు. హాస్టలుకెళ్ళిన మా అమ్మాయి సైకిలేమో మెట్ల కింద దుమ్ము కొట్టుకుపోతోంది. రెండూ కలిసొచ్చాయి. ఇప్పుడు తెల్లారగానే సంచీ తగిలించుకుని కూరలకి పురానాపూల్ దాకా వెళ్ళొస్తున్నాను.

ఆ పాత వంతెన 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కట్టించినది. 1591లో హైదరాబాదు నగరం పుట్టడానికి ముందే ఉందన్నమాట! 1908 నాటి మూసీ వరదకి కూడా తట్టుకుని నిలిచింది. ఏళ్ళ తరబడి దాని మీద కూరగాయల అంగళ్ళే. బళ్ళన్నీ పక్కనున్న కొత్త వంతెన మీదుగా పోతాయి.

తెల్లవారుజామున ఆ రోడ్డు సైకిళ్ళదే. పాలపాకెట్ల వాళ్ళు, పేపరు కుర్రాళ్ళు ఎదురైతే చాలు, ఒకరు గంట కొడతారు, ఇంకొకరు చెయ్యెత్తి "సలాం భాయ్" అంటారు. పేరు తెలియక్కర్లేదు. రెండు క్షణాల పని.

ఈ మర్యాద మన ఆడవాళ్ళకెవరూ నేర్పలేదు. తల వంచుకుని పో, పలకరిస్తే విననట్టు పో, నవ్వితే అలుసు — ఇవీ మనకి నేర్పినవి. ఆ జాగ్రత్త వద్దని నేననను. పలకరింపుకీ వెకిలితనానికీ తేడా మనకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? కానీ ఆ జాగ్రత్త చాటున మనం ఇంకోటి కూడా దాచుకుంటున్నామని మొన్న ఆదివారం తెలిసొచ్చింది.

కొత్త వంతెన మీద ఒక గుంపు ఎదురైంది. ఖరీదైన సైకిళ్ళు, హెల్మెట్లు, నల్ల కళ్ళద్దాలు. "గుడ్‌మార్నింగ్ మేడమ్!" అన్నారు. నేనూ నవ్వుతూ గుడ్‌మార్నింగ్ చెప్పాను. పరాయి మగవాళ్ళే, అయినా తల వంచుకోవడం గుర్తుకే రాలేదు. కాస్త దూరం పోయానో లేదో, ఒకావిడ ఎదురొచ్చింది. నా ఈడే ఉంటుంది. మగవాళ్ళు తొక్కే పాత సైకిలు, బొడ్లో దోపుకున్న కుచ్చిళ్ళు, హ్యాండిలుకి టిఫినుడబ్బా. ఇళ్ళల్లో పనికి వెళ్తోందని చూడగానే అనిపించింది. నన్ను చూసి ముఖమంతా నవ్వై గంట కొట్టింది. సైకిలు మీద ఇంకో ఆడమనిషి కనిపించిందన్న సంబరం కాబోలు! నేనేం చేశానంటారా? మూసీ వైపు ముఖం తిప్పుకున్నాను.

వంతెన దిగాక గాలి కొట్టించుకుంటుంటే పంక్చర్ల చాచా, "ఆ అమ్మ గంట కొట్టింది, చూడలేదా బేటీ?" అన్నాడు. చూడలేదని అబద్ధమాడాను. ఆయన నమ్మలేదనుకుంటాను. పంపు కొడుతూనే తన పెద్దలు నేర్పిన మర్యాద చెప్పాడు. సవారీ మీదున్నవాడు నడిచేవాడికి ముందుగా సలాం చెయ్యాలట. నడిచేవాడు కూర్చున్నవాడికి చెయ్యాలట.

మన పల్లెల్లో నడిచింది దీనికి సరిగ్గా తలకిందులు కదా! తెలంగాణలో దొర గడీ ముందు నుంచి సైకిలెక్కి పోకూడదు. దిగి, చెప్పులు చేతబట్టుకుని, వంగి దండం పెట్టి పోవాలి. దళితులు సైకిలెక్కి తమ వీధిలోంచి పోతే సహించని ఊళ్ళెన్నో! మా నాన్నగారు అవన్నీ చెప్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. దాని మీద ఒక కథ కూడా రాశాను, అచ్చయింది కూడా. ఆ కథ రాసిన చేతికి మొన్న గంట కొట్టడం రాలేదు. దొరని తిట్టడం తేలిక. మనలోని దొరసానిని గుర్తుపట్టడమే కష్టం.

2023లో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి వేశారు. పైన సోలారు పలకల కప్పు కూడా ఉంది. సంతోషమే. కానీ పొట్టకూటికి తొక్కేవాళ్ళంతా ఇంకా బస్సుల మధ్యా లారీల మధ్యా తొక్కుతున్నారు. అలాంటిచోట ఎదుటివాళ్ళని పలకరించడం ఉత్త మర్యాద కాదు. రేపు నా గొలుసు ఊడినా, ఏ బండో తగిలి నేను పడ్డా, రోజూ నన్ను చూసే మనిషే కదా ముందుగా ఆగేది!

అందుకే నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. బరువు లేకుండా తొక్కేవాళ్ళు బరువు మోసేవాళ్ళని ముందు పలకరించాలి. సరదాకి తొక్కేవాళ్ళు పనికోసం తొక్కేవాళ్ళని పలకరించాలి. ఇక ఆడవాళ్ళం మనలో మనం ఎవరు ముందని చూసుకోనేకూడదు.

గురువారం ఆవిడ మళ్ళీ కనిపించింది. నేనే ముందు గంట కొట్టాను. ఈసారి ఆవిడ ముఖం తిప్పుకుని వెళ్ళిపోయింది. తప్పు ఆవిడది కాదు. రేపు కూడా నేనే ముందు కొడతాను.