కంటికి కానరాని అగ్ని



నిప్పు తగిలితే చెయ్యి దానంతట అదే వెనక్కి వస్తుంది. వంటింట్లో గ్యాసు వెలువడితే ముక్కు పసిగడుతుంది. కాని రేడియోధార్మిక కిరణాలకు రంగు లేదు, వాసన లేదు, స్పర్శ లేదు. అవి శరీరంలో నుంచి దూసుకుపోతున్నా ఏ ఇంద్రియమూ మనల్ని హెచ్చరించదు. అందువలన ఈ ఆపద ఎదుట మనిషికి మిగిలిన రక్షణ జ్ఞానం ఒక్కటే. ఈ సత్యాన్ని బ్రెజిల్ దేశంలోని గోయానియా నగరం ప్రాణాలను మూల్యంగా చెల్లించి తెలుసుకున్నది.

ఆ నగరంలో క్యాన్సర్ రోగులకు కిరణ చికిత్స చేసే ఒక ప్రైవేటు సంస్థ వేరొక భవనానికి తరలిపోతూ, ఒక యంత్రాన్ని పాతచోటనే వదలివేసింది. దాని లోపల సీజియం-137 ఉన్నది. 1987 సెప్టెంబరు 13న ఇద్దరు వ్యక్తులు విలువైన లోహమనుకొని ఆ భాగాన్ని ఊడదీసి ఇంటికి తీసుకుపోయారు. వాంతులు మొదలైనా ఆహారం వికటించిందని భావించారు. కొద్ది రోజులకు దానిని పాత ఇనుప సామాను వ్యాపారికి అమ్మివేశారు.

కిరణాలు కంటికి కనబడకపోయినా, ఆ పదార్థం మాత్రం చీకటిలో నీలికాంతితో మెరిసింది. వ్యాపారి ముచ్చటపడి బంధుమిత్రులను పిలిచి చూపాడు, బియ్యపు గింజలంత ముక్కలను పంచాడు. కొందరు ఆ పొడిని ఒంటికి రాసుకొని మురిసిపోయారు. అతని సోదరుని ఆరేళ్ల కూతురు దానితో ఆడుకొని, ఆ చేతులతోనే భోజనం చేసింది.

ఒకరి తరువాత ఒకరు జబ్బుపడుతుంటే, కారణం ఆ వస్తువేనని మొదట అనుమానించినది వ్యాపారి భార్య. సెప్టెంబరు 28న ఆమె మిగిలిన భాగాన్ని సంచిలో పెట్టించి, బస్సులో ఆరోగ్య కార్యాలయానికి చేర్చి, తన వారిని చంపుతున్నది ఇదేనని వైద్యునికి చెప్పింది. మరునాడు పరికరంతో పరీక్షించగా నిజం బయటపడింది. ఆమె, ఆ చిన్నారి సహా నలుగురు మరణించారు. సుమారు 1,12,000 మందిని పరీక్షించగా 249 మందికి ఆ పదార్థం అంటినట్లు తేలింది. ఆ గృహిణి మౌనంగా ఉండిపోయి ఉంటే ఈ సంఖ్య ఇంకెంత పెరిగేదో!

ఇది ఎక్కడో దూరదేశపు కథ అనుకోరాదు. 2010లో ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుప బజారుకు, ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాల వేలం వేసిన పాత పరికరంతో పాటు కోబాల్ట్-60 చేరింది. దానిని విడదీసిన కార్మికులు తీవ్రంగా గాయపడ్డారు, ఒకరు మరణించారు. పాత సామాను కొనే దుకాణాలు మన పట్టణాలలోనూ వీధివీధినా ఉన్నాయి. ఆ వృత్తిలో ఉన్నవారు ఈ విషయాలను ఇంటిల్లిపాదికీ తెలియజేయాలి.

పసుపు రంగు మీద మూడు రెక్కల గుర్తు గాని, ఎర్రని త్రికోణంలో కిరణాలు, పుర్రె, పరుగెత్తే మనిషి బొమ్మలు గాని కనబడితే ఆ వస్తువును ముట్టుకోరాదు, కోయరాదు, కరిగించరాదు. చిన్నదైనా అసాధారణమైన బరువుతో, సీసపు కవచంతో ఉన్న వస్తువునూ అనుమానించాలి. వెంటనే దూరంగా జరిగి, ఇతరులను జరిపి, పోలీసులకు తెలియజేయాలి. దూరం రెట్టింపైతే కిరణాల తీవ్రత సుమారు నాలుగో వంతుకు తగ్గుతుంది. దగ్గర గడిపే కాలం తగ్గించడం, దూరం పెంచడం, మధ్యలో మందపాటి అడ్డు ఉండేలా చూడడం - రక్షణకు ఈ మూడే మూలసూత్రాలు. పొడి అంటిందన్న అనుమానం ఉంటే బట్టలు జాగ్రత్తగా విప్పి సంచిలో కట్టి వేరుగా ఉంచాలి. సబ్బుతో, నీటితో ఒళ్లు కడుక్కోవాలి. వైద్యునికి దాచకుండా చెప్పాలి.

అజ్ఞానం ప్రమాదాన్నే కాదు, అకారణ భయాన్నీ పెంచుతుంది. గోయానియా వాసులను ఇతర ఊళ్లలో హోటళ్లు సైతం తిరస్కరించాయి. వాస్తవానికి, బయటి నుంచి కిరణాలు సోకినంత మాత్రాన మనిషి ఇతరులకు ప్రమాదకారి కాడు. పదార్థం ఒంటికి అంటినప్పుడో, లోపలికి చేరినప్పుడో మాత్రమే జాగ్రత్త అవసరం. అలాగే ఎక్స్‌రే యంత్రాన్ని ఆపగానే కిరణాలు ఆగిపోతాయి. వైద్యుడు అవసరమని చెప్పిన పరీక్షకు భయపడనక్కరలేదు. అవసరం లేని స్కానింగును కోరి చేయించుకోనూ రాదు. గర్భవతులు ఆ సంగతిని ముందుగానే సిబ్బందికి చెప్పాలి.

గోయానియాలో చికిత్స కోసం తెచ్చిన వస్తువే, బాధ్యత మరచిన చేతుల వలన మృత్యువైంది. ప్రమాదకరమైన వస్తువును కాపలా లేకుండా వదలివేయడమంటే ఇతరుల ప్రాణాల అమానతును కాలరాయడమే. అనుమానం కలిగిన క్షణాన ఆ గృహిణి చేసినట్లు నోరు విప్పి చెప్పడం మనందరి బాధ్యత. అయితే ఆమెకు తెలియనిది మనకు తెలుసు: ఆ వస్తువును చేతితో మోసుకుపోకూడదు, దూరంగా నిలిచి కబురు పంపాలి. ఈ ఒక్క మాటను ఈ రోజే మీ పిల్లలకు చెప్పండి.