ఓబులమ్మకేం తక్కువ?

నంద్యాల, ఆళ్ళగడ్డ వైపు నుంచి కోడల్ని తెచ్చుకుని, "ఓబులమ్మేమిటమ్మా, మోటుపేరు! ఇకనుంచి నువ్వు ఉమవి" అనే అత్తగార్లను ఏమనాలి? ఇంటిపేరు మూడుముళ్ళతోనే పోయింది. పుట్టింటి నుంచి వెంట తెచ్చుకున్నది ఆ ఒక్క పేరు. దాన్నీ గుమ్మం బయటే విడిచి రావాలా?

ఇంతకీ అందులో మోటుతనం ఏముందట? ఆళ్ళగడ్డ దగ్గరి అహోబిలమే జనం నోట ఓబులం అయింది. అక్కడి నరసింహస్వామి పేరు మగపిల్లవాడికి పెడితే ఓబులేసు, ఆడపిల్లకు పెడితే ఓబులమ్మ. మద్దిలేటమ్మ సంగతీ అంతే. మద్దిలేరనే ఏటి పేరు బేతంచెర్ల దగ్గరి నరసింహస్వామికొచ్చింది, స్వామి పేరు పిల్లకొచ్చింది. ఇక పెంటమ్మ! నవ్వకండి. కన్న బిడ్డలు వరసగా పోతుంటే, ఈ ఒక్కదాని మీదైనా చావు కన్ను పడకూడదని పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మళ్ళీ ఎత్తుకుని, ఏ తల్లో పెట్టుకున్న పేరది.

పేర్లు పోగొట్టుకున్నవాళ్ళు ఇంకోచోటా ఉన్నారు. ఐర్లండులో ఇంటిపేరు ముందుండే 'ఓ' అంటే ఫలానావారి మనవడు, వంశంవాడు అని. ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో చాలామంది దాన్ని వదిలేశారు. పంతొమ్మిదో శతాబ్దం చివర ఎందరో మళ్ళీ తగిలించుకున్నారు. అక్కడ పరాయి దొరల పెత్తనం. మరి మనింట్లో?

ఉమ మంచిపేరే. మనవరాలు పుట్టాక పెట్టుకుందురుగాని. అదీ ఓబులమ్మ సరేనంటేనే!