తెచ్చి బిగిస్తే సరిపోతుందా?

పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఏదో ఒక చిన్న షెడ్డుకు పాత లేత్ మిషన్ వచ్చిందనుకోండి. వేరే ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి చక్కగా పనిచేసిన మిషనే. కాని దాని కాళ్ల రంధ్రాలు ఇక్కడి ఫౌండేషన్ బోల్టులకు కలవవు. ఫిట్టరు మధ్యలో ఒక ఇనుప ప్లేటు వేసి, దానికి రెండు కొలతలకూ రంధ్రాలు కొట్టి బిగిస్తాడు. మిషన్ తిరుగుతుంది!

కంప్యూటరు లోపల కూడా ఇలాంటి పని జరుగుతుంది. డిస్కు అంటే లెక్కలేనన్ని గళ్లున్న బీరువా. మీ పాఠం ఏయే గళ్లలో ఉందో, ఏవి ఖాళీయో చూసుకునే లెక్కే ఫైల్ సిస్టం. అమెరికాలోని సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ 1993లో తన ఐరిక్స్ ఆపరేటింగ్ సిస్టం కోసం ఎక్స్.ఎఫ్.ఎస్. అనే ఫైల్ సిస్టంను తయారుచేయడం మొదలుపెట్టింది. దాన్ని లినక్స్‌కు ఇస్తామని 1999లో ప్రకటించింది. లినక్స్ కెర్నెల్‌ను, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టం గుండెకాయను, ఎవరైనా చదవవచ్చు, దిద్దవచ్చు. అయినా ఎక్స్.ఎఫ్.ఎస్. ప్రధాన కెర్నెల్‌లో చేరింది 2002లోనే.

ఎందుకంత ఆలస్యం? లినక్స్‌లో వి.ఎఫ్.ఎస్. అనే పొర ఉంది. "ఫైలు తెరువు, చదువు, రాయి" అని ప్రోగ్రాములు అడిగితే, ఆ పనిని తగిన ఫైల్ సిస్టంకు అప్పగించేది అదే. ఐరిక్స్ పద్ధతి వేరు. అందుకని మధ్యలో ఒక అనువాద పొర వేశారు. మన ఇనుప ప్లేటు లాంటిదే! పని నడిచింది గాని, తప్పు వెతికేవారు రెండు పద్ధతులూ నేర్చుకోవలసి వచ్చేది. చేరిన తరువాత కూడా ఏళ్ల తరబడి ఆ పొరను కొద్దికొద్దిగా తొలగిస్తూ వచ్చారు.

2020లో పారగాన్ అనే కంపెనీ, విండోస్ వాడే ఎన్.టి.ఎఫ్.ఎస్. కోసం దాదాపు 27,000 వరుసల ప్రోగ్రామును ఒకే మూటగా పంపింది. ఇంత మూటను ఎవరు చదువుతారని పరిశీలకులు పేచీ పెట్టారు. విడగొట్టి, పదేపదే దిద్దాక 2021లో 5.15 కెర్నెల్‌లో చేర్చారు.

ఊరికే ఇస్తుంటే ఇన్ని వంకలా అని మీరనవచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. కాని ఆటల ప్రోగ్రాము తప్పుచేస్తే ఆట మళ్లీ ఆడుకోవచ్చు. ఫైల్ సిస్టం ఒక్క గడి తప్పు రాస్తే మీ అక్క ప్రాజెక్టు రిపోర్టు మీద ఇంకేదో వచ్చి కూర్చుంటుంది. పోయింది పోయినట్టే. పైగా కెర్నెల్ ఏటా కొన్నిసార్లు కొత్తగా వెలువడుతుంది, లోపలి అమరిక మారుతుంది. దానితోపాటు ఫైల్ సిస్టంనూ దిద్దాలి. అందుచేత "ఎంత బాగా రాశారు?" అనేదానికన్నా "రేపు ఎవరు బాగుచేస్తారు?" అని ముందు అడగడమే న్యాయమని నా అభిప్రాయం. ఒకప్పుడు పేరు మోసిన రైజర్ ఫైల్ సిస్టంను 2025 జనవరిలో వచ్చిన 6.13 కెర్నెల్ నుంచి తీసేశారు.

సంగారెడ్డి పక్కనే కందిలో ఐ.ఐ.టి. ఉంది. రేపు మీలో కొందరు అక్కడ చేరవచ్చు. కొత్తది కట్టాలనే ఉబలాటం అందరికీ ఉంటుంది, మరమ్మతంటే మాత్రం మొహం చాటేస్తారు! కెర్నెల్‌లో మెయింటెయినర్స్ అనే ఫైలు ఉంది. ఏ భాగాన్ని ఎవరు చూసుకుంటారో అందులో రాసి ఉంటుంది. దిక్కులేని భాగాల దగ్గర ఆర్ఫన్, అంటే అనాథ, అని ఉంటుంది. కంప్యూటరు దొరికినప్పుడు ఆ ఫైలు తెరిచి, ఆ మాట ఎన్నిచోట్ల ఉందో స్నేహితులతో కలిసి లెక్కపెట్టండి.